పెట్రోలు వాసన ఎక్కణ్ణుంచి?

"పాత కారు కదండీ, ఆమాత్రం వాసన రాకుండా ఎలా ఉంటుంది?" అని ఓదార్చే పెద్దమనుషులు లోకంలో చాలామంది ఉన్నారు. ముసలివాళ్లకు కీళ్లనొప్పుల్లాగా పాత కార్లకు పెట్రోలు వాసన సహజమని వారి సిద్ధాంతం. ఈ సిద్ధాంతం నాకు ఎన్నడూ మింగుడు పడలేదు. ఇంజను వయస్సు మీరితే పొగ వదలవచ్చు, చప్పుడు చెయ్యవచ్చు, ఎత్తు ఎక్కలేక ఆయాసపడవచ్చు. అవన్నీ వయస్సు లక్షణాలే. కాని పెట్రోలు వాసన వయస్సు లక్షణం కాదు. ఎక్కడో ఒకచోట ఒక సందు ఉన్నదన్నమాట. సందు అంటూ ఉంటే దానికొక చోటు ఉంటుంది. చోటు ఉంటే వెదికి పట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక్క మినహాయింపు చెప్పాలి. పాతకాలపు కార్బ్యురేటరుకు గాలి పీల్చుకునే చిన్న రంధ్రం ఉంటుంది. ఎండలో దూరం నడిచివచ్చి బండి ఆపితే, ఇంజను వేడికి అందులో మిగిలిన పెట్రోలు ఉడికి బానెట్టు దగ్గర కాసేపు వాసన వేస్తుంది. అది తప్పు కాదు. రాత్రంతా చల్లబడిన కారు తలుపు పొద్దున్నే తియ్యగానే గుప్పుమంటే మాత్రం తప్పే.

మా కారు అలా గుప్పుమన్నది.

మాది అంబాసిడరు, మార్కు 2. 1973లో మా నాన్నగారు కొన్నారు. ఆ రోజుల్లో కారు కొనడమంటే ఇల్లు కట్టడమంత పని. డబ్బు కట్టిన తర్వాత ఏళ్ల తరబడి వరసలో నిలబడవలసి వచ్చేది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడో తరగతి బండిని నమూనాగా తీసుకుని, కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో ఈ బండ్లు చేశారు. 2014 మే నెలలో అక్కడ పని ఆగిపోయింది. ఇప్పుడు కొత్తది రాదు. ఉన్నవాళ్లు ఉన్నదాన్ని కాపాడుకోవలసిందే. పెళ్లిళ్లకూ, అన్నవరం యాత్రలకూ, మా అమ్మాయి పురుటికి ఆసుపత్రికీ ఈ బండే వెళ్లింది. యాభై ఏళ్ల పైచిలుకు బండిలో రబ్బరు ముక్క ఒకటి చెడితే అది చేసినవాళ్ల తప్పు కాదు, కాలధర్మం.

అయితే మా యింట్లో ఈ వాసన ఒక సంసార సమస్య అయి కూర్చుంది. రాజమండ్రిలో మా యిల్లు పాతకాలపు మండువా లోగిలి కాదు గాని, వెనకవైపు పెరడు ఉంది. పెరట్లోనే రేకుల షెడ్డు, షెడ్డులో కారు. షెడ్డుకు పది పన్నెండు అడుగుల దూరంలో తులసికోట. సాయంత్రం ఆరు గంటలకు మా ఆవిడ అక్కడ దీపం పెడుతుంది. పెళ్లయిన నాటినుంచీ ఆ దీపం తప్పలేదు.

"ఏమండీ, దీపం పెడుతుంటే ఇవ్వాళ కోటదాకా వచ్చింది వాసన" అంది ఒకనాడు. "దీపం నేను మానను. కారు సంగతి మీరు చూడండి. అంతవరకూ పిల్లాణ్ణి మాత్రం వెనక సీట్లో కూర్చోపెట్టనివ్వను." పిల్లాడంటే మా మనవడు. వాడికి ఏడేళ్లు. ఆ వెనక సీటు వాడి రాజ్యం.

ఆవిడ భయం చాదస్తం కాదని చెప్పడానికి పెట్రోలు స్వభావం కొంచెం చెప్పాలి. మంట అంటుకునేది పెట్రోలు నీళ్లకు కాదు, దాని ఆవిరికి. సున్నాకు 40 డిగ్రీలు దిగువన, మంచు గడ్డకట్టే చలిలో కూడా పెట్రోలు అంటుకోదగిన ఆవిరిని వదులుతూనే ఉంటుంది. ఇక మన గోదావరి జిల్లాల వేసంగిలో వేరే చెప్పాలా? ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. వంటింటి పొగలాగా పైకి పోదు. వరదనీరులాగా నేలమీద పాకుతుంది, పల్లమున్న చోట చేరుతుంది. నూరు పాళ్ల గాలిలో ఒకటిన్నర పాళ్లు ఆవిరి కలిస్తే చాలు, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. షెడ్డులోంచి తులసికోటకు మా పెరడు రెండంగుళాలు వాలు. ఆ సంగతి నాకంటే ముందు ఆవిడకే తెలిసింది.

ఆ రాత్రే కారును షెడ్డులోంచి బయటికి తోయించి, ఇంటి పక్క ఖాళీ స్థలంలో వేపచెట్టు కింద నిలబెట్టాను. బ్యాటరీ తీగ ఊడదీశాను. రెండు బకెట్ల ఇసుక, పొడి మందు ఉన్న ఎర్ర సిలిండరు ఒకటి తెచ్చి దగ్గర పెట్టాను. నీళ్లు పెట్టలేదేమని మనవడు అడిగాడు. పెట్రోలు నీళ్లమీద తేలుతుంది. నీళ్లు పోస్తే మంట ఆరకపోగా తేలుతూ ఊరేగుతుంది.

ఇక చికిత్స. ఊళ్లో మొదటి మెకానిక్కు బానెట్టు ఎత్తి, ముక్కు పెట్టి, "పంపు పోయిందండీ" అన్నాడు. పంపులోని పొర, వాల్వులు అన్నీ మార్చాడు. డబ్బు తీసుకున్నాడు. వారం తిరక్కుండా వాసన మళ్లీ వచ్చింది. రెండో అతను "పంపు కాదండీ, కార్బ్యురేటరు పొంగుతోంది" అని దాన్ని విప్పి, కడిగి, సూది మార్చాడు. అతనూ డబ్బు తీసుకున్నాడు. పది రోజులకు మళ్లీ గుప్పున వచ్చింది. ఇద్దరూ చెడ్డవాళ్లు కారు, చేతులో పనితనం ఉన్నవాళ్లే. కాని ఇద్దరూ "ఎక్కడ?" అని వెదికారు గాని "ఎప్పుడు?" అని అడగలేదు.

నేను ముప్ఫయ్యేళ్లకు పైగా బ్యాంకులో లెడ్జర్లు తిప్పినవాణ్ణి. సాయంత్రం లెక్క కుదరకపోతే ఎక్కడ తప్పిందో వెదకడానికి ముందు, ఏ రోజునుంచి తప్పిందో చూస్తాం. అదే పద్ధతి కారుకూ పెట్టాను. ఒక పాత డైరీ తీసి, ఏ రోజు వాసన ఉన్నది, ఏ రోజు లేదు, బండి వేడిగా ఉన్నదా చల్లగా ఉన్నదా, ముందువైపా వెనకవైపా, టాంకులో పెట్రోలు ఎంత ఉన్నది, చివర ఎప్పుడు పోయించాను, ఇవన్నీ రోజూ రాయడం మొదలుపెట్టాను. మా ఆవిడ ముక్కు నా ముక్కుకంటే చురుకు గనుక ఆవిడ సాక్ష్యం కూడా ఒక గడిలో రాశాను.

ఆ డైరీ చెప్పిన కథ వినే ముందు కారులో పెట్రోలు నడిచే దారి తెలియాలి. డిక్కీ అడుగున టాంకు. దానికి పైనుంచి పెట్రోలు పోసే మెడ గొట్టం. టాంకునుంచి సన్నని లోహపు గొట్టం ఒకటి బండి పొట్టకింద నుంచి ముందుకు వస్తుంది. ఇంజను పక్కన పంపు ఉంటుంది. ఇంజను తిరుగుతుంటే దాంతోపాటు ఒక చిన్న మీట ఆడి, పంపులోని పొరను పైకీ కిందికీ లాగుతుంది. ఆ లాగుడుకు పెట్రోలు వెనకనుంచి వచ్చి, అక్కణ్ణుంచి రబ్బరు గొట్టం ద్వారా కార్బ్యురేటరుకు ఎక్కుతుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. పంపుకు వెనకవైపు దారంతా చప్పరించే దారి. ముందువైపు తోసే దారి. తోసే దారిలో చిల్లి పడితే ఇంజను నడుస్తున్నప్పుడు పెట్రోలు బయటికి చిమ్ముతుంది. చప్పరించే దారిలో చిల్లి పడితే నడుస్తున్నప్పుడు చుక్క రాలదు సరిగదా, బయటి గాలినే లోపలికి పీలుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి పెట్రోలు అందక ఎక్కిళ్లు పెడుతుంది. పంపులోని పొర చిరిగితే కథ వేరు. పెట్రోలు ఇంజను ఆయిలులోకి దిగిపోతుంది. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే, ఆయిలు తగ్గవలసింది పోయి పెరిగి ఉంటుంది, వాసన చూస్తే పెట్రోలు. చాలా ప్రమాదం, ఆ స్థితిలో బండి నడపకూడదు. పుల్ల తీసి చూడడానికి అర నిమిషం పడుతుంది, పైసా ఖర్చు లేదు. మా బండి పుల్లమీద ఆయిలు గీత దగ్గరే ఉంది. ఎక్కిళ్లూ లేవు. లీటరుకు వచ్చే మైళ్ల లెక్క కూడా పాత లెక్కే. అంటే పోతున్నది లెక్కకు అందనంత కొంచెం. ముక్కుకు మాత్రం అందుతున్నది.

ఆరు వారాలు రాశాను. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పేజీలు వరసగా చూస్తుంటే సంగతి బయటపడింది. టాంకు నిండా పోయించిన రోజునుంచి మూడు రోజులు వాసన. నాలుగో రోజునుంచి లేదు. పది లీటర్లో పన్నెండు లీటర్లో పోయించినప్పుడు అసలు లేనేలేదు. అదీ ఎప్పుడూ వెనకవైపే. అంటే చిల్లి టాంకు అడుగున లేదు, పొట్టకింద గొట్టంలో లేదు, పంపులో లేదు, కార్బ్యురేటరులో లేదు. పెట్రోలు నిండుగా ఉన్నప్పుడు మాత్రమే తడిసే చోట ఉంది. టాంకు నెత్తిన.

ఇది తెలిశాక, ఇద్దరు మెకానిక్కులకూ అది ఎందుకు దొరకలేదో కూడా తెలిసిపోయింది. అయ్యా, మీరే చెప్పండి, మెకానిక్కు షెడ్డుకు నిండు టాంకుతో కారు పంపే గృహస్థు ఎవరున్నారు? ఉన్న పెట్రోలు వాడుకుని, ముల్లు అడుగుకు వచ్చాక, "రేపు బాగుచేయించి అప్పుడు పోయిద్దాంలే" అనుకుంటాం. పోయిస్తే షెడ్డులో ఉండగా కరిగిపోతుందేమోనని మనసులో ఒక మూల అనుమానం కూడా కద్దు. నిండుగా ఉన్నప్పుడే వచ్చే రోగం గల బండి, వైద్యుడి దగ్గరకు ఎప్పుడూ ఖాళీ కడుపుతోనే వెళ్తుంది. బాగుచేశాడనుకుని ఇంటికి తెచ్చుకుని, సంతోషంతో టాంకు నింపుతాం!

మా ఊళ్లో ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు. షెడ్డు కొడుక్కు అప్పజెప్పి ఇంటిదగ్గర కూర్చున్నాడు. ఆయనకు ఈ డైరీ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివాడు.

"బాబుగారూ, రోగం సగం మీరే చెప్పేశారు. రేపు పొద్దున్నే మెడదాకా కొట్టించుకు రండి. నేను వస్తాను. మీ యింట్లో ముగ్గుపిండి ఉంటుందిగా?" అన్నాడు.

బంకులో పొద్దున్నే జనం ఉండరు. పంపు దానంతట అది ఆగిన తర్వాత కూడా కుర్రాడు అలవాటు చొప్పున "రౌండు ఫిగరు చేస్తానండీ" అని ఇంకొంచెం పోశాడు. మామూలుగా అయితే వద్దంటాను. ఎంచేతంటే ఆ చివరి అర లీటరు టాంకులో ఉండదు, మెడలో నిలుస్తుంది. ఎండకు పెట్రోలు ఉబ్బితే పోవడానికి చోటుండదు. ఆ రోజు మాత్రం పొయ్యనిచ్చాను.

బండి వేపచెట్టు కిందికి చేర్చి, బ్యాటరీ తీగ తీసి, చల్లారనిచ్చాం. కింద నేలమీద పాత వార్తాపత్రికలు పరిచాం. డిక్కీలో సామానూ, చాపా, అట్టలూ అన్నీ ఎత్తేశాం. మేస్త్రీ గుడ్డతో అన్నీ పొడిగా తుడిచాడు. తుడిచిన తర్వాత ముగ్గుపిండి చల్లబోతే, చూస్తూ నిలబడ్డ మా ఆవిడకు ఓర్పు పట్టలేదు.

"అలా గుప్పిళ్లతో కుమ్మరిస్తే ఏం కనిపిస్తుంది? ఇలా ఇవ్వండి, అన్నయ్యగారూ" అని గిన్నె అందుకుంది. బొటనవేలూ చూపుడువేలూ మధ్యనుంచి సన్నగా ధారకట్టి, మెడ గొట్టం చుట్టూ, క్లిప్పుల చుట్టూ, పెట్రోలు ముల్లుకు సంబంధించిన గుండ్రటి మూత చుట్టూ పలచగా ముగ్గు వేసింది. వంపు అడుగున నిలవని చోట వేలితో అద్దింది. యాభై ఏళ్ల సంక్రాంతి ముగ్గుల అనుభవం అక్కడ పనికొచ్చింది. మేస్త్రీ చెయ్యి కట్టుకుని నిలబడ్డాడు.

ముగ్గుపిండి మహత్యం ఏమిటంటే, పొడిగా ఉంటే తెల్లన. తడి తగిలితే బూడిదరంగు. పెట్రోలు చుక్కగా రాలేదాకా ఆగితే మనకు దొరకదు. కొంచెం కొంచెం ఊరే పెట్రోలు రాలకముందే ఆవిరైపోతుంది. నేలమీద మరక లేదు గనుక కారడంలేదనుకోవడం అందుకే పొరపాటు. ఎంతోకాలంగా ఊరుతున్న చోట మాత్రం గోధుమరంగు జిగురు చార కడుతుంది. తెలిసినవాళ్లు దానికోసం చూస్తారు.

అరగంటకు ఏమీ లేదు. మేస్త్రీ వెనక బంపరు పట్టుకుని బండిని నాలుగైదుసార్లు ఊపాడు, మలుపుల్లో ఊగినట్టు. టీ తాగివచ్చి మళ్లీ చూశాం. మెడ గొట్టాన్నీ టాంకునూ కలిపే రబ్బరు గొట్టం వంపు అడుగున, కింది క్లిప్పుకు అంగుళం పైన, చింతాకంత బూడిద మచ్చ! చూస్తుండగా కానుగాకంత అయింది. కింద పరిచిన పత్రికమీద మాత్రం ఒక్క చుక్క లేదు.

"దొరికాడు!" అన్నాడు మా మనవడు, దొంగను పట్టినట్టు. వాణ్ణి గుమ్మందగ్గరే ఉంచాం గాని చూపు ఇక్కడే ఉంది.

మార్చేముందు టాంకు పావువంతుకు దింపాలి. కొందరు గొట్టం నోట్లో పెట్టి పీలుస్తారు. మహా ప్రమాదం. గుక్కెడు పెట్రోలు పొరపాటున ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణంమీదికి వస్తుంది. చేత్తో నొక్కే చిన్న పంపు బజార్లో దొరుకుతుంది. ఇనప డబ్బా నేలమీద పెట్టి అందులోకి దింపాం. టాంకే చిల్లిపడి ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. ఖాళీ టాంకుకు వెల్డింగు పెట్టించడం నిండు టాంకుకంటే భయంకరం, లోపలంతా ఆవిరే. ఆవిరి పూర్తిగా పోగొట్టడం తెలిసిన పనివాళ్లకే అది వదలాలి. మా నాన్నగారి కాలంలో దారిలో టాంకు అతుకు ఊరితే డ్రైవరు బట్టల సబ్బు మెత్తగా చేసి పగుల్లో రుద్దేవాడు. పెట్రోలుకు సబ్బు కరగదు. ఊరు చేరడానికి అది చాలు. ఊళ్లో తిరగడానికి చాలదు.

కొత్త గొట్టంకోసం బెజవాడ ఆటోనగర్ వెళ్లాను. మొదటి కొట్టువాడు రేడియేటరు నీళ్ల గొట్టం తెచ్చి, "ఇదీ అదీ ఒకటేనండీ, సైజు సరిపోయింది చూడండి" అన్నాడు. సైజు సరిపోయింది, నిజమే. కాని నీళ్లకు చేసిన రబ్బరు పెట్రోలులో నానితే ఉబ్బి మెత్తబడిపోతుంది. పైగా ఇప్పుడు మనం పోయించుకునేది వట్టి పెట్రోలు కూడా కాదు. 2023 ఫిబ్రవరిలో మన దేశంలో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. 2025 నాటికి దేశమంతటా ఆ పాలు అందుకున్నారు. ఇథనాలు అంటే చెరకు, ధాన్యం వగైరాలనుంచి తీసే సారా జాతి ద్రవం. కొత్త కార్ల గొట్టాలు దానికి తట్టుకునేట్టు చేస్తున్నారు. 1973 నాటి రబ్బరు దానికోసం పుట్టింది కాదు. పాత రబ్బరును అది నానబెట్టి ఉబ్బిస్తుంది. టాంకు ఖాళీ అయ్యాక అదే రబ్బరు ఎండి బీటలు వారుతుంది. చెమ్మను కూడా పీల్చుకుంటుంది గనుక ఎక్కువ రోజులు కదలకుండా ఉండే బండ్లలో టాంకు లోపల తుప్పుకు దారి. పాత కారు ఉన్నవాళ్లు వాసన రాకముందే రబ్బరు ముక్కలన్నీ ఒకసారి మార్పించుకోవడం మంచిదని నా సలహా. గొట్టంమీద ఇథనాలుకు పనికివస్తుందన్న గుర్తు ఉన్నదో లేదో చదివి మరీ కొనండి. నాలుగో కొట్టులో నాకు అది దొరికింది.

గొట్టం మార్చాం, ముల్లు మూత కింద ఎండిపోయిన బిరడా చెక్క వాషరు కూడా మార్చాం. మళ్లీ మెడదాకా పోయించి, మళ్లీ ముగ్గు. తెల్లగానే ఉంది.

అయినా మేస్త్రీ వెళ్లిపోలేదు. "ఒకటి దొరికిందని రెండోది లేదనుకోకూడదు బాబుగారూ" అని బానెట్టు ఎత్తి, పంపునుంచి కార్బ్యురేటరుకు పోయే జానెడు రబ్బరు గొట్టాన్ని తెల్లగుడ్డతో గట్టిగా పట్టి లాగాడు. గుడ్డకు నల్లటి జిగురు అంటుకుంది. "దీనికి చెమట పడుతోంది. ఇంకో వేసంగి ఉండదు." అది ఉండేది ఎర్రగా కాలే పొగ గొట్టానికి రెండు బెత్తెల ఎత్తున. అదీ మార్చాం.

మా మనవడు వెనక సీటు మళ్లీ ఆక్రమించుకున్నాడు. ఆవిడ దీపం యథాప్రకారం. కారును మాత్రం నెల్లాళ్లు వేపచెట్టు కిందనే ఉంచి, మూడుసార్లు టాంకు నింపి, డైరీలో మూడుసార్లూ "లేదు" అని ఆవిడ చేత రాయించి, ఆ తర్వాతే షెడ్డులోకి తెచ్చాం.

విప్పిన పాత గొట్టం ముక్క నా బల్లమీద ఉంది. చూడడానికి వచ్చినవాళ్లు చేతిలోకి తీసుకుని, "ఇందులో చిల్లి ఎక్కడుందండీ, బాగానే ఉందే?" అంటారు. నిటారుగా పట్టుకుంటే నిజంగా ఏమీ కనిపించదు. బండిలో ఉన్నట్టు వంచమంటాను. వంచితే అడుగున వెంట్రుకంత పగుళ్లు ఏడెనిమిది, వరసగా నోళ్లు తెరుస్తాయి.